పగడాల గదిలో దేవకుమారి

"ఉప్పు ఎండకి ఆవిరైపోతుందా అయ్యా? పోయేదైతే మా ఊళ్ళో మూడు తరాలవాళ్ళు ఏం అమ్ముకుని బతికారంటారు?"

ఇల్లు ఊడ్చే మనిషి, చేతిలో చీపురైనా కింద పెట్టకుండా, విజయవాడ నుంచి కారులో వచ్చే మాస్టరుని అడిగిన మాట ఇది. నేను మేడ మీద గది గుమ్మంలో నిలబడి విన్నాను. కింద వంటింట్లో పొయ్యి మీద చారు పొంగిపోతోంది. అయినా కదల్లేదు. అంత బాగుంది ఆ పోట్లాట.

ఇది గుంటూరులో, నల్లపాడు రోడ్డులో, కోటేష్ గారింట్లో జరిగింది. మూడేళ్ళయింది. కోటేష్ గారికి మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. వాళ్ళింట్లో పంతొమ్మిదేళ్ళ నుంచి వంట నాది. నా పేరు వెంకటేశ్వరమ్మ. చదివింది మూడో తరగతి, అది కూడా సగం. నా గురించి ఇంతే చాలు, రాస్తున్నది దేవకుమారి సంగతి.

కోటేష్ గారికి డబ్బు బాగా వచ్చిన ఏడు ఒక పిచ్చి పట్టింది. మేడ మీద పెద్ద గది కట్టించి, దానికి కిటికీ లేకుండా చేసి, తలుపు చుట్టూ రబ్బరు కొట్టించి, లోపల మంచమంత అద్దాల తొట్టి పెట్టించాడు. అందులో సముద్రం. చేపలు నాలుగే. మిగతావన్నీ పగడాలు. పగడమంటే నాకు పుస్తెలతాడుకి గుచ్చుకునే ఎర్రపూసనే తెలుసు. దానికి ప్రాణం ఉంటుందనీ, నోరు ఉంటుందనీ, ముట్టుకుంటే ముడుచుకుంటుందనీ అంటే నవ్వొచ్చింది. చూశాక నవ్వలేదు. ఆకుల్లా, పళ్ళేల్లా, వేళ్ళల్లా రకరకాలు. మన సముద్రంలోవి పీకితే జైల్లో పెడతారట. ఇవి ఎక్కడో పరాయిదేశంలో పెంపకంలో పుట్టి, కాగితాలతో వచ్చినవని చెప్పేవాడు. గదికి కిటికీ ఎందుకు లేదంటే మిరప ఘాటు వస్తుందని. మా రోడ్డులో జనవరి నుంచి మే దాకా గాలికి కూడా తుమ్ములొస్తాయి.

ఆ తొట్టిని చూసిపోవడానికి నెలకి రెండుసార్లు ఆ మాస్టరు వచ్చేవాడు. పేరు శ్యామ్ సుందర్. నీళ్ళు తగ్గితే డ్రమ్ములో కలిపి ఉంచిన ఉప్పునీళ్ళు పొయ్యమని చెప్పి వెళ్ళేవాడు. పనివాళ్ళు అలాగే పోసేవాళ్ళు. మే నెల వచ్చేసరికి పగడాలు వడిలి, అంచులు తెల్లబడటం మొదలుపెట్టాయి. కోటేష్ గారు అన్నం తినడం మానేశాడు. మాస్టరుని పిలిపించాడు. అప్పుడు జరిగింది పోట్లాట.

"నువ్వెవరమ్మా మధ్యలో?" అన్నాడు మాస్టరు. "ఇది సముద్రపు తొట్టి. నీళ్ళు తగ్గితే సముద్రపు నీళ్ళే పొయ్యాలి."

"తగ్గింది నీళ్ళండీ. ఉప్పు తగ్గలా. మీరు మళ్ళీ ఉప్పునీళ్ళు పోస్తుంటే ఉప్పు మీద ఉప్పు చేరుతోంది. మేం మడి కట్టి చేసేది కూడా అదే. మీరు తొట్టి కట్టలా, ఉప్పుమడి కట్టారు."

"మిషన్ పెట్టి చూశాను. సరిగ్గానే ఉంది."

"మిషన్‌కి నాలుక ఉందా?"

అని, అడక్కుండానే వేలు తొట్టిలో ముంచి నాలుక మీద పెట్టుకుంది. డ్రమ్ములో ముంచి మళ్ళీ పెట్టుకుంది. "డ్రమ్ములోది సముద్రం. తొట్టిలోది రెండో మడి నీళ్ళు. ఇంకో పది రోజులు ఇట్టాగే పోస్తే పార పట్టుకుని గీక్కోవచ్చు."

కోటేష్ గారు నవ్వాపుకున్నాడు. మాస్టరు మొహం కందిపోయింది. "సార్, మీ పనిమనిషి నాలుకని నమ్ముతారా, నా మీటరుని నమ్ముతారా?"

"నన్నెందుకు నమ్మడం? ఎండని నమ్మండి," అంది దేవకుమారి. నా వెనకే కిందికి దిగి, వంటింటి గుమ్మం బయటే ఆగి, "పెద్దమ్మగారూ, రెండు ఒకేరకం పళ్ళేలు ఇవ్వండి," అంది.

మేం అన్నం తినే పళ్ళేలు నేనివ్వలేదు. అటక మీద పడున్న సత్తు పళ్ళేలు రెండు దింపి నేలమీద పెట్టాను, తీసుకుంది. తొట్టినీళ్ళు అర గ్లాసు ఒకదాంట్లో, డ్రమ్ము నీళ్ళు అర గ్లాసు ఒకదాంట్లో పోసి డాబా మీద పిట్టగోడ పక్కన పెట్టింది. మే నెల గుంటూరు ఎండ గురించి నేను చెప్పక్కర్లేదు. మూడింటికి అందరం పైకి వెళ్ళాం. డ్రమ్ము పళ్ళెంలో ఉప్పు పల్చగా పొరకట్టి ఉంది. తొట్టి పళ్ళెంలో చిక్కగా, గీకితే చెంచాడు వచ్చేట్టుంది. చంటిపిల్లకి కూడా తేడా తెలుస్తుంది.

మాస్టరు, మీటరు పాడైపోయినట్టుంది అన్నాడు. దేవకుమారి ఆ ఉప్పుని శుభ్రంగా గీకి కాగితంలో పొట్లం కట్టి ఆయన చేతికిచ్చింది. "తీసుకెళ్ళండి, పప్పులోకి పనికొస్తుంది."

ఆయన మళ్ళీ రాలేదు.

ఆ రోజు దేవకుమారి గెలిచింది. ఓడిపోయుంటే బాగుండేదని తర్వాత నేను ఎన్నిసార్లు అనుకున్నానో.

ఆవిడది చినగంజాం అవతల ఒక చిన్న పల్లె. పుట్టింది ఉప్పు పండించే కొఠార్లలో పనిచేసే ఇంట్లో. పెళ్ళయింది కూడా ఉప్పు మనిషితోనే, ఆదాం అని. ఉప్పునీళ్ళు నాలుక మీద పెట్టుకుని ఏ మడిలోవో, ఎన్నాళ్ళకి గడ్డకడతాయో చెప్పడం ఆయనే నేర్పాడట. పిల్లల్లేరు. ఆదాం ఒకరోజు మడి గట్టు మీద కూర్చుని లేవలేదు. యాభై కూడా లేవు. ఆయన పోయాక ఈవిడ ఒక్కతే మడి చెయ్యలేక గుంటూరు వచ్చింది. వచ్చేనాటికి నలభై ఆరో నలభై ఏడో. నల్లగా, పొడుగ్గా, కాళ్ళ పగుళ్ళలో ఉప్పు తెల్లగా నిలిచిపోయి ఉండేది. ఎవరికీ తల వంచేది కాదు. చర్చికి వెళ్ళేది, పాటలు గట్టిగా పాడేది. మా ఇంట్లో ఆవిడ గ్లాసు వేరే. పెరటి గోడ మీద బోర్లించి ఉండేది. నేను పైనుంచి టీ పోసేదాన్ని, ఆవిడ తాగి కడిగి మళ్ళీ బోర్లించేది. అలా ఎందుకని ఎవరూ అడగలేదు, ఆవిడ కూడా. నేనూ చెప్పలేదు. చెప్పడానికేముంది, మా ఇళ్ళల్లో అదే వాడుక.

పళ్ళేల సంగతి జరిగిన మర్నాడే కోటేష్ గారు, "ఇంక నువ్వు చీపురు ముట్టుకోకు దేవకుమారీ. ఈ గది నీది," అన్నాడు. గది నీది అన్నాడు గానీ, ఈవిడే గదిది అయిపోయింది. ఆ సంగతి మాకెవరికీ అప్పుడు తట్టలేదు.

ఆవిడ మొదట రోజూ మంచినీళ్ళు పోసి ఉప్పుని దారికి తెచ్చింది. నెలకి పగడాలు కళ్ళు తెరిచాయి. సున్నం నానేసి, తేరుకున్న తేట మాత్రం తీసి, బొట్టు బొట్టుగా తొట్టిలోకి వదిలేది. పగడాలు సున్నంతోనే ఒళ్ళు కట్టుకుంటాయట. కోటేష్ గారు ఫోనులో చూసి చెప్పిన మందులు వేలు ఖరీదు. ఈవిడ సున్నపు తేట చాలంది. చాలింది కూడా.

తర్వాత ఆయనకి అంటు పిచ్చి పట్టింది. మామిడికి అంటు కట్టినట్టు పగడానికి పగడం అంటు కడతారట విదేశాల్లో. ఒక రంగుది, ఇంకో రంగుది పక్కపక్కన జిగురు పెట్టి అతికిస్తే, కొన్ని నెలలకి రెండూ ఒకే ఒళ్ళై, ఒకదాని రంగు ఇంకోదాంట్లోకి పాకుతుందట. అలాంటి ముక్కకి హైదరాబాదు, బెంగుళూరు వాళ్ళు ఎగబడతారట. చూడ్డానికొచ్చిన ఒకాయన "ఓ, హైబ్రిడ్లా!" అన్నాడు. హైబ్రిడ్ అంటే మాకు పత్తి విత్తనమే తెలుసు, పూలు విప్పి పుప్పొడి రుద్దే ఆడవాళ్ళే తెలుసు. కోటేష్ గారు అది వేరు, ఇది వేరు అని అరగంట చెప్పాడు. హైబ్రిడ్ సముద్రంలో రెండు రకాల గింజలు కలిసి పుట్టేదట. ఇది చేత్తో అతికేది. నాకు అర్థమైంది ఏమిటంటే, చెయ్యి కావాలి.

ఆయన లావు వేళ్ళకి అది రాలేదు. విరిచేశాడు, జిగురు ముక్కుకి పూసుకున్నాడు. దేవకుమారి తీసుకుని మొదటిసారి రెండు అందమైనవి ఏరి అతికించింది. తెల్లారేసరికి అందులో ఒకటి ఇంకోదాన్ని కాల్చేసింది. నిజంగానే, నిప్పు తగిలినట్టు తెల్లగా ఉంది. అన్నం కూడా తినకుండా రోజంతా తొట్టి ముందు కూర్చుని, సాయంత్రం కిందికొచ్చి గోడ మీద గ్లాసు తీసుకుంటూ చెప్పింది.

"రంగు చూసి పొరపాటుపడ్డానండీ. రంగు ఎంత వేరైనా ఫర్వాలా, జాతి ఒకటి కావాలి. జాతి వేరైతే కాల్చుకుంటాయి. ఒకటైతే నాలుగు రోజులు గట్టు తగాదా పడి, తర్వాత కలిసిపోతాయి."

"పురుగులకి కూడా జాతులా!" అన్నాను నేను.

"వాటికి ఉన్నాయండీ," అంది. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఏదీ చెడలేదు. పళ్ళెంలా పెరిగేది ఒకటి ఉంది. దాంట్లో ఎరుపుదీ, పచ్చదీ తీసి అంటుకట్టింది. ఎరుపంటే తాలు లేని పండుమిరప ఎరుపు. పచ్చంటే లేత మిరపకాయ. ఆరు నెలలకి ఎరుపు మధ్యలోకి పచ్చటి చుక్కలు, పచ్చ అంచుకి ఎర్రటి గీతలు వచ్చాయి. అతుకు ఎక్కడుందో వెతికినా కనపడదు. దాన్ని చూసి కోటేష్ గారి భార్య శ్రీరమ్య, ఆ గదిలోకి అడుగుపెట్టని మనిషి, వచ్చి పావుగంట నిలబడింది. పరాయి ఊళ్ళవాళ్ళు ఫొటోలు అడిగారు. ఆ అంటుకి కోటేష్ గారు తన పేరు పెట్టుకున్నాడు.

అప్పటినుంచి దేవకుమారి ఆ గది వదిలి రాలేదు. తీసుకెళ్ళి ఎవరూ బంధించలేదు. నీళ్ళ వేడి చూడాలి. కరెంటు పోతే జనరేటర్ పట్టిందో లేదో చూడాలి. ఉప్పు మూడుపూటలా నాలుక మీద పెట్టుకోవాలి. గదిలో చాప వేసుకుంది. లైటు నీలం. ఒళ్ళంతా నీలంగా, పళ్ళు మాత్రం తెల్లగా కనపడేది. మోటార్ల మోత ఆగదు. చర్చి మానేసింది. ఆదివారం పాటలు ఆ గదిలోనే పాడుకునేది, రబ్బరు కొట్టిన తలుపు కదా, బయటికి వినపడేది కాదు. అన్నం తీసుకెళ్ళి తలుపు తీసినప్పుడు మాత్రం ఒక చరణం బయటపడేది. తొట్టిని దూరం నుంచి చూసుకోవడానికని కోటేష్ గారు ఫోనులో చూసుకునే కెమెరా పెట్టించాడు. తొట్టి కోసమే. దాంట్లో ఈవిడ కూడా పడుతుంది.

"నువ్వు బయటికెళ్ళి గాలి పీల్చుకోవే, చచ్చిపోతావు," అంటే, "నేను పీలిస్తే వాటికెవరు పీలుస్తారండీ?" అనేది. నిజం చెప్పాలంటే సగం తలుపు ఆయన మూశాడు, మిగతా సగం గొళ్ళెం ఈవిడే పెట్టుకుంది. ఇంకెవరన్నా తొట్టిలో చెయ్యి పెడితే ఒప్పుకునేది కాదు. నేర్పమంటే నేర్పేది కాదు. నాలుక ఎట్టా నేర్పుతానండీ, అనేది. గర్వం. ఆ గర్వం నాకు తెలుసు. నా ఆవకాయలో ఇంకొకరు చెయ్యి పెడితే నేనూ ఊరుకోను.

ఇంక ఈస్టరు సంగతి చెప్పాలి.

వాళ్ళ పల్లెలో ఒక పద్ధతి ఉంది. ఈస్టరు ముందు శనివారం ఎవరి సమాధికి వాళ్ళింటివాళ్ళు సున్నం కొడతారు. ఆదివారం తెల్లారుజామున అక్కడే ప్రార్థన. సిమెంటు కట్టించుకున్నవాళ్ళ సంగతి సరే. ఆదాంది మట్టిదిబ్బ. స్థలం చిన్నది, పోయేవాళ్ళు ఎక్కువ. అందుకని సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. వరసగా మూడు ఈస్టర్లు సున్నం పడని దిబ్బని చదును చేసి కొత్తవాళ్ళకి ఇచ్చేస్తారు. సున్నం ఇంటివాళ్ళ చేత్తో పడాలి. కూలికి వేయిస్తే లెక్కలోకి రాదు. సంఘ పెద్ద జయరావు గారు పుస్తకం పట్టుకుని నిలబడి, ఎవరి దిబ్బకి ఎవరు వచ్చారో రాసుకుంటాడు.

గదిలోకి ఎక్కాక వచ్చిన మొదటి ఈస్టరుకి దేవకుమారి సున్నం పొట్లం, కొబ్బరిపీచు కుంచె సంచిలో పెట్టుకుని బస్టాండు దాకా వెళ్ళింది. బస్సు ఎక్కేలోపల ఫోను. జనరేటర్ పట్టలేదు, నీళ్ళు వేడెక్కుతున్నాయి, వెనక్కి రా అని. వచ్చింది. సంచి చాప పక్కన పెట్టుకుని, ఐస్‌గడ్డలు కవర్లలో కట్టి తొట్టిలో తేలేసింది. అన్నీ బతికాయి.

రెండో ఈస్టరుది నా తప్పు.

అప్పుడు నేనే పంపాను. "శనివారం ఒక్కరోజు నేను చూసుకుంటా. నీళ్ళు గీత దాకా ఉన్నాయో లేదో చూడ్డం కూడా రాదా నాకు?" అన్నాను. ఆవిడ వంద జాగ్రత్తలు చెప్పింది. చెయ్యి పెట్టొద్దని కూడా చెప్పింది. తెల్లవారి రైలుకి వెళ్ళింది. నేను ఆ పొద్దున పండుమిరప పచ్చడి నూరాను. ఏడాది పచ్చడి, రెండు వీశెలు. చేతులు సబ్బుతో కడుక్కున్నాను. కానీ ఆ కారం గోళ్ళ సందుల్లోంచి రెండు రోజుల దాకా పోదని ఈ జిల్లాలో ఎవరినడిగినా చెబుతారు. పైకి వెళ్ళి చూస్తే ఒక ముక్క జారి పక్కదాని మీద పడి ఉంది. జాతి వేరైతే కాలుస్తుందని ఆవిడ చెప్పింది గుర్తొచ్చింది. పాపం కాలిపోతుందని, మోచేతి దాకా చెయ్యి పెట్టి దాన్ని సరిచేశాను.

పదినిమిషాల్లో తొట్టంతా ముడుచుకుపోయింది. పగడాల మీద జిగురు తెల్లగా కారుతోంది. చేప ఒకటి పక్కకి ఒరిగిపోయింది. కెమెరాలో కోటేష్ గారు చూశాడు. నాకన్నా ముందు ఆయనే ఫోను చేశాడు దేవకుమారికి. ఆవిడ అప్పటికి చీరాల స్టేషన్లో దిగి, చినగంజాం ఆటో ఎక్కి కూర్చుంది. ఇంకొక గంటలో దిబ్బ దగ్గర ఉండేది. ఆటో దిగి, ఎదురు రైలెక్కింది.

వచ్చి నన్నొక్క మాట అనలేదు. సగం నీళ్ళు మార్చింది, బొగ్గు కట్టిన సంచి వేసింది, రెండు రోజులు కూర్చుని దక్కించింది. చేప పోయింది. అంటుకట్టిన పళ్ళెం బతికింది. నాకు తిట్టు పడితే బాగుండేది. తిట్టేవాళ్ళకి నేను సమాధానం చెప్పగలను. మూడోనాడు టీ అడగడానికి కిందికొచ్చి, "చేతులు మండుతున్నాయా పెద్దమ్మగారూ?" అని అడిగింది. అంతే.

ఏడాది తిరిగింది. ఈ ఏడు మార్చిలో జయరావు గారు ఫోను చేశాడు. నేను అన్నం తీసుకెళ్ళాను అప్పుడే. ఫోను స్పీకరులో పెట్టి ఉంది, నాకూ వినపడింది.

"అమ్మా దేవకుమారీ, రెండు అయిపోయాయి. ఇది మూడోది. ఈసారి పడకపోతే నేనేం చెయ్యలేను. నా తమ్ముడి దిబ్బ అయినా ఇదే మాట."

"వస్తాను, అన్నా. ఈసారి వస్తాను."

కోటేష్ గారిని నెల ముందే అడిగింది. "అయ్యో వెళ్ళు దేవకుమారీ, నేను ఆపుతానా?" అన్నాడు. నిజంగానే అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే మొహాన తిట్టి పోవచ్చు. పండక్కి చీర కొంటాడు, జ్వరం వస్తే డాక్టర్ని పిలిపిస్తాడు, నలుగురిలో "మా దేవకుమారి లేకపోతే ఇదంతా లేదు" అంటాడు. అలాంటివాడి నోటినుంచి వచ్చేది వెళ్ళు అనే మాట కాదు, వెళ్తే ఏమవుతుందో నీకు తెలుసుగా అనే మాట.

సరిగ్గా పండగ వారంలో బెంగుళూరు నుంచి నలుగురు వస్తామన్నారు. ఆదివారం వస్తారు. ఎర్ర పచ్చ అంటుని చూసి, ముక్కలు పట్టుకెళతారు. బుధవారం నాడు కోటేష్ గారు గదిలోకెళ్ళి, "కొయ్యాలి," అన్నాడు. గురువారం దేవకుమారి కోసింది. చిన్న రంపంతో పదకొండు ముక్కలు. కోసిన పగడం పచ్చిపుండు. మూడు రోజులు ఉప్పు ఇటు అయినా అటు అయినా, వేడి కొంచెం పెరిగినా కోత దగ్గర కుళ్ళు మొదలై మొత్తం పోతుంది. ఏప్రిల్ నెల. కరెంటు రోజుకి మూడుసార్లు పోతోంది.

శుక్రవారం, యేసు ప్రభువు సిలువ రోజు, మధ్యాహ్నం రెండింటికి నేను పైకి వెళ్ళాను. ఉపవాసం కదా, అన్నం కాదు, మజ్జిగ పట్టుకెళ్ళాను. చాప మీద సంచి సర్ది ఉంది. ఆవిడ తొట్టి ముందు కూర్చుని ఉంది. పదకొండు ముక్కలు వరసగా, నీలం వెలుగులో, కోసిన అంచులు తెల్లగా కనపడుతున్నాయి.

"సంచి సర్దావు. రైలెప్పుడు?" అన్నాను.

"వెళ్ళనండీ."

"అదేం మాట!"

"నేను గుమ్మం దాటిన రెండుసార్లూ ఏదో అయింది. ఈసారి కోతలున్నాయి. నేను చీరాల చేరేలోపల ఫోను వస్తుంది. వచ్చినా వెనక్కి రాకూడదని అనుకుంటాను గానీ, వచ్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆయన మీదో, ఈవిడ మీదో, నా మీదో. "ఆయన దిబ్బ తవ్వేస్తారే! రోజూ వీటికి సున్నం పోస్తున్నావు, మూడేళ్ళుగా కట్టుకున్నవాడికి గుప్పెడు సున్నం లేదు. సిగ్గులేదా నీకు?"

నీళ్ళ వేడి చూసుకుంది.

"సరే విను," అన్నాను గొంతు తగ్గించి, కెమెరాకి వీపు పెట్టి. "కింద పండుమిరపకాయలున్నాయి. ఇప్పుడే పచ్చడి నూరతాను. చెయ్యి కడుక్కోను. వచ్చి రెండు చేతులూ పెడతాను. ముసలిది, బుద్ధిలేదు, మళ్ళీ అదే తప్పు చేసిందనుకుంటారు. నన్ను పనిలోంచి తీసేస్తే తీసేయనీ. తొట్టి పోతుంది, నీకు సెలవు. సాయంత్రం రైలుకి వెళ్ళిపో."

నేను వేళాకోళానికి అనలేదు. ఆవిడకీ తెలిసింది. నా చేతులవైపు చూసింది. ఒప్పుకుంటుందేమో అని నాకే భయమేసింది.

"వద్దండీ," అంది చివరికి. "ఆ ఎరుపూ పచ్చా కలవడానికి ఆరు నెలలు పట్టింది. నేను దగ్గరుండి చూశాను. అవేం చేశాయి పాపం."

"మరి ఆదాం ఏం చేశాడు?"

అప్పుడు ఏడ్చింది. మూడేళ్ళలో మొదటిసారి. కొంగుతో కాదు, మోచేత్తో తుడుచుకుంది, వేళ్ళు తొట్టికి శుభ్రంగా ఉండాలని. తర్వాత సంచి తీసి నా ముందు పెట్టింది.

"పెద్దమ్మగారూ, మీరు వెళ్ళండి."

"నేనా? ఇంటివాళ్ళ చెయ్యి పడాలన్నావుగా?"

"ఆయనకి ఒక అక్క ఉండేది, శాంతమ్మ. చిన్నప్పుడే బళ్ళారి వైపు పనికెళ్ళి అక్కడే ఉండిపోయింది. ఇప్పుడు లేదు. ఊళ్ళో ఆవిడ మొహం ఎరిగినవాళ్ళెవరూ మిగల్లా. మీ ఈడే ఉంటుంది." ఆగకుండా చెప్పుకుపోయింది, ఆగితే నేనేమన్నా అంటానని భయం. "చీరాలలో దిగి చినగంజాం ఆటో ఎక్కండి. స్మశానానికి ఉత్తరపు గోడవైపు నుంచి మూడో వరసలో ఆరోది. తల దగ్గర ఉప్పు గీకే చెక్కపార విరిగిన ముక్క పాతాను, ఉండే ఉంటుంది. సంచిలో సున్నం రెండేళ్ళది, చచ్చిపోయింది, అది పనికిరాదు. చీరాలలో కొత్తది కొనండి. కుంచె మంచిదే. పక్క దిబ్బ మీద పడనీయకండి, వాళ్ళు గొడవ పెట్టుకుంటారు. జయరావు గారు పుస్తకం పట్టుకొస్తాడు. ఎవరి తాలూకమ్మా అంటాడు. ఆదాం అక్కని, శాంతమ్మని అని చెప్పండి. నోటితో ఒక్కమాట. మీరు అబద్ధమాడరని నాకు తెలుసు. నాకోసం ఆడండి."

కింద జనరేటర్ మోత మొదలైంది, కరెంటు పోయినట్టుంది. ఆవిడ లేచి తొట్టి దగ్గరికి వెళ్ళి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని, నావైపు తిరక్కుండానే ఇంకొక మాట అంది.

"సున్నం కొట్టాక జయరావు గారింటికి తీసుకెళ్ళి అందరితోపాటు టీ ఇస్తారండీ. అందరి గ్లాసులతోనే ఇస్తారు. తాగండి. తాగకపోతే అక్క కాదని తెలిసిపోతుంది."